జుట్టు కుదురుకు కబురు చేసేదెవరు?

వారపు సంతలో ఒక మూల గుడ్డ పరచి, రంగురంగుల సీసాలు పేర్చి, మోకాళ్లదాకా జడ ఉన్న స్త్రీ బొమ్మ వేలాడదీసి నూనె అమ్మేవాడు మన ఊళ్లకు కొత్త కాదు. నెల రోజుల్లో బట్టతల మీద జుట్టు మొలవకపోతే డబ్బు వాపసు అంటాడు. నెల తిరిగేసరికి ఆ మనిషి ఆ సంతలో ఉండడు.

ఇప్పుడు సంత బదులు సెల్‌ఫోను వచ్చింది. నూనె బదులు 'గ్రోత్ ఫ్యాక్టర్ సీరం' అని రాసిన చిన్న సీసా ఇంటికే వస్తుంది. పట్నంలో క్లినిక్కుకు వెళితే మన నెత్తురే తీసి మన తలలోకి సూదులతో ఎక్కిస్తామంటారు. పెళ్లి కుదరవలసిన కుర్రవాడు, కాన్పు తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడుతున్న తల్లి ఈ మాటలకు తొందరగా లొంగిపోతారు. కూలి డబ్బు, పాల డబ్బు అందులో కరిగిపోతుంది.

గ్రోత్ ఫ్యాక్టర్ అన్నది ఉత్తుత్తి మాట మాత్రం కాదు. తెలుగులో వాటిని వృద్ధి కారకాలు అంటారు. మన ఒంట్లో అవి నిజంగానే ఉన్నాయి. జుట్టు పెరగడం, ఆగడం వాటి చేతిలోనే ఉంది. అయితే 'పెరుగు' అని చెప్పేవి ఉన్నట్టే 'ఆగు' అని చెప్పేవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ సంగతి సీసా మీద రాయరు. అది తెలుసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో మనకే అర్థమవుతుంది.

గుండు చెప్పే పాఠం

తిరుమల కొండ మీద కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు సమర్పిస్తారు. నున్నగా గుండు చేయించుకుని కొండ దిగినవారికి కొద్ది నెలల్లో మళ్లీ జుట్టు వస్తుంది. ఎందుకంటే కత్తి తీసింది చర్మం పైన ఉన్న భాగాన్ని మాత్రమే. అది ప్రాణం లేని పదార్థం. గోరు మాదిరిగానే కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది. అందుకే కోస్తే నొప్పి పుట్టదు. ప్రాణం ఉన్నది చర్మం కింద, కుదురులో.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని పసిపిల్లలకు మళ్లీ మళ్లీ కొట్టించేవారు ఉన్నారు. మొక్కు తీర్చుకోవడానికైతే సరే. ఒత్తు కోసమైతే ప్రయోజనం లేదు. తెగిన వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి పైకి వచ్చేటప్పుడు గరుకుగా, లావుగా అనిపిస్తుంది. అంతే. తలమీద ఎన్ని కుదుళ్లు ఉండాలో పుట్టక ముందే తేలిపోతుంది.

మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ప్రతి కుదురుకూ ఒక పంట కాలం ఉంది. 2 నుంచి 6 సంవత్సరాలు వెంట్రుక పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుపోతుంది. ఆ తర్వాత సుమారు 3 నెలలు బీడు పెట్టిన చేనులా ఊరికే ఉంటుంది. అప్పుడు పాత వెంట్రుక రాలి, కొత్తది మొలుస్తుంది. అన్ని కుదుళ్లూ ఒకేసారి కోతకు రావు. అందుకే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలినా తల పలచబడదు. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు వచ్చాయని బెంగపడనక్కరలేదు.

కుదురు అడుగున బుడిపె

వేరుతో సహా వెంట్రుకను పీకి చూస్తే కింద చిన్న ఉల్లిగడ్డలా ఉబ్బుగా కనిపిస్తుంది. చర్మం లోపల ఆ ఉల్లిగడ్డ అడుగున ఒక చిన్న బుడిపె ఉంటుంది. అది ఆవగింజ కన్నా చాలా చిన్నది. దాని పైనున్న కణాలు చీలి చీలి పైకి నెట్టుకుంటూ వచ్చి, గట్టిపడి, వెంట్రుక అవుతాయి. ఎంత వేగంగా చీలాలి, ఎప్పుడు ఆగాలి అని చెప్పేది ముఖ్యంగా ఆ బుడిపె. అంటే పొలంలో పనిచేసేవి పైకణాలు, పనికి పురమాయించేది కింది బుడిపె.

దీన్ని పరీక్ష చేసి చూపించినవారున్నారు. స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయంలో కొలిన్ జహోడా, ఆయన సహచరులు ఎలుక మీసాల కుదుళ్ల నుంచి ఈ బుడిపెలు తీసి, వాటి కణాలను గాజు పాత్రలో పెంచారు. అడుగుభాగం కోసివేసిన కుదుళ్లలో ఆ కణాలను నాటారు. వెంట్రుక మళ్లీ మొలిచింది. ఈ సంగతి 1984లో ప్రకటించారు. 1999లో ఇంకా ఆశ్చర్యకరమైన పని జరిగింది. ఒక పురుషుడి తలమీది కుదురు అడుగున ఉండే తొడుగు కణాలను తీసి ఒక స్త్రీ ముంజేతిలో నాటారు. కొద్ది వారాల్లో అక్కడ కొత్త కుదురు ఏర్పడి వెంట్రుక వచ్చింది. ఒకరి కణాలు పంపిన కబురును ఇంకొకరి చర్మం విని పాటించిందన్నమాట.

కబురు వెళ్లే దారి

ఆ కబురు ఎలా వెళుతుంది? ఊళ్లో దండోరా వేసినట్టు. నీటి తీరువా కట్టాలని దండోరా వేస్తే ఊరంతా వింటుంది. కాని కదిలేది మాగాణి ఉన్న రైతు మాత్రమే. బుడిపెలోని కణాలు కొన్ని మాంసకృత్తులను బయటికి వదులుతాయి. ఇవే వృద్ధి కారకాలు. చుట్టూ ఉన్న కణాలలో దానికి తగిన గ్రాహకం, అంటే దాన్ని పట్టుకునే చెవి ఉన్న కణానికే ఆ మాట అందుతుంది. అందిన తర్వాత కణం లోపల, మంట ఆర్పేటప్పుడు నీళ్ల బిందెలు చేతులు మారినట్టు, ఆ కబురు ఒక మాంసకృత్తు నుంచి మరొక దానికి చేరుతూ కణం నడిబొడ్డుకు వెళుతుంది. అక్కడ ఉన్న జన్యువులు మేల్కొంటాయి. కణం చీలడం మొదలు పెడుతుంది, లేదా ఆపుతుంది.

బీడుగా ఉన్న కుదురును నిద్ర లేపే కబుర్లలో ముఖ్యమైనది 'వింట్' అనే మాంసకృత్తులది. ఐ.జి.ఎఫ్.-1, ఎఫ్.జి.ఎఫ్.-7 అనేవి పెరుగుదలకు ఊతమిస్తాయి. వి.ఇ.జి.ఎఫ్. అనేది కుదురు చుట్టూ సన్నని రక్తనాళాలను పెంచుతుంది. అది ఎక్కువగా ఉండేలా చేసిన ఎలుకలలో వెంట్రుకలు లావుగా వచ్చాయని 2001లో వెల్లడైంది.

ఇక ఆగమని చెప్పేవి. బి.ఎం.పి. అనేవి కుదురును బీడులోనే ఉంచుతాయి. టి.జి.ఎఫ్.-బీటా అనేది పెరుగుతున్న కుదురును ముడుచుకొమ్మంటుంది. ఎఫ్.జి.ఎఫ్.-5 కూడా అంతే. పేరులో వృద్ధి కారకమే, పని మాత్రం వృద్ధిని ఆపడం. అంగోరా జాతి ఎలుకలకు బొచ్చు పొడుగ్గా ఎందుకు పెరుగుతుందో 1994లో తేలింది. వాటిలో ఎఫ్.జి.ఎఫ్.-5 తయారు చేసే జన్యువు పాడైపోయింది. ఆగమని చెప్పేవాడు లేక వెంట్రుక పెరుగుతూ పోయింది. పొడుగు బొచ్చు ఉన్న అనేక కుక్కలలో, పిల్లులలో కూడా కారణం ఆ జన్యువే.

కాలువ మీద తూము ఎత్తేవాడు ఎంత ముఖ్యమో దింపేవాడూ అంతే ముఖ్యం. ఇద్దరూ వేళకు పనిచేస్తేనే పంట.

గొర్రె ఉన్ని రాల్చిన మందు

వృద్ధి కారకం అన్న పేరు చూసి మోసపోకూడదనడానికి గొర్రెల కాపరులకు బాగా తెలిసిన ఉన్ని సంగతే గట్టి ఉదాహరణ.

అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథి నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. దాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు సూదితో ఇస్తే వాటి కళ్లు చాలా ముందుగా తెరుచుకున్నాయి, పళ్లు ముందుగా వచ్చాయి. దానికి ఇ.జి.ఎఫ్. అని పేరు. చర్మం పైపొర కణాలను పెంచే కారకం అని అర్థం. ఈ పరిశోధనకు ఆయనకు, రీటా లెవీ-మాంటల్చీనీకి కలిపి 1986లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

చర్మాన్ని పెంచేది కదా, ఉన్ని కూడా పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. కాని జరిగింది వేరు. ఆస్ట్రేలియాలో గొర్రెలకు ఇ.జి.ఎఫ్. సూది వేస్తే ఉన్ని కుదుళ్లు కొద్ది రోజులు పని ఆపేశాయి. ఆ చోట ఉన్ని పోగు సన్నబడి తెగిపోయింది. అక్కడివారు దీన్నే ఉపయోగంలోకి తెచ్చారు. గొర్రెకు సూది వేసి, ఒంటికి వల తొడిగి, కొన్ని వారాల తర్వాత వల విప్పితే కత్తెర ముట్టకుండానే ఉన్ని ఊడి వచ్చేది. 1990ల చివరలో ఈ పద్ధతిని అక్కడ అమ్మకానికి పెట్టారు. ఆ తర్వాత కుదురు మళ్లీ మామూలుగా ఉన్ని పెంచుతుంది.

మన కాపరులు గొంగడి ఉన్ని కోసం చేతి కత్తెరతో గొర్రె బొచ్చు తీస్తారు. ఆ కత్తెర పనిని అక్కడ ఒక వృద్ధి కారకం చేసింది. కాబట్టి సీసా మీద గ్రోత్ ఫ్యాక్టర్ అని ఉన్నంత మాత్రాన జుట్టు పెరుగుతుందని కాదు. ఏ కారకం, ఎంత, ఎప్పుడు అన్నది అసలు ప్రశ్న.

ఇంకో చిక్కు కూడా ఉంది. వృద్ధి కారకాలు పెద్ద పెద్ద మాంసకృత్తులు. చర్మం పైపొర బయటి పదార్థాలను లోపలికి రానివ్వని గోడలాంటిది. పైన రాసిన పెద్ద మాంసకృత్తు ఆ గోడ దాటి కుదురు అడుగుకు చేరడం చాలా కష్టం. కొబ్బరినూనె వెంట్రుకను చిట్లిపోకుండా కాపాడుతుంది. రాసుకోవడం మంచిదే. అది కూడా కుదురుకు కబురు మాత్రం చెప్పదు.

కళ్లెం లేకపోతే

సరే, నిద్రలేపే కబురు ఒక్కటే ఎక్కువగా పంపితే ఏమవుతుంది? 1998లో అమెరికాలో ఎలైన్ ఫుక్స్ ప్రయోగశాలలో ఎలుకల చర్మంలో వింట్ కబురు ఎప్పుడూ మోగుతూ ఉండేలా చేశారు. వాటి చర్మంలో లేని చోట్ల కొత్త కుదుళ్లు పుట్టాయి. ఒళ్లంతా బొచ్చు దట్టమైంది. కాని కొంతకాలానికి ఆ కుదుళ్ల నుంచే కణుతులు లేచాయి. ఆగమనే మాట వినని కణం చివరికి చేరేది అక్కడికే. అందుకే శాస్త్రజ్ఞులు ఈ దారిలో జాగ్రత్తగా అడుగులు వేస్తున్నారు. అన్ని వృద్ధి కారకాలూ కలిపామని గొప్ప చెప్పుకొనే సీసాలను చూసి సంతోషించవలసిన పని లేదు.

మగవారి బట్టతల

నుదుటి పక్కల నుంచి, నడినెత్తి నుంచి జుట్టు పలచబడటం వంశపారంపర్యంగా వస్తుంది. తండ్రి వైపు నుంచే కాదు, తల్లి వైపు నుంచి కూడా వస్తుంది. యుక్తవయసుకు ముందే వృషణాలు తొలగించిన పురుషులకు బట్టతల రాలేదని, వారిలో కొందరికి పురుష హార్మోను ఇస్తే వచ్చిందని జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1942లో రాశారు. ఆ హార్మోను నుంచి ఒంట్లో తయారయ్యే డి.హెచ్.టి. అనే పదార్థం కుదురు బుడిపెలో చేరుతుంది. బుడిపె అప్పుడు టి.జి.ఎఫ్.-బీటా వంటి 'ఆగు' కబుర్లను ఎక్కువగా పంపుతుంది. పంట కాలం సంవత్సరాల నుంచి నెలలకు తగ్గుతుంది. వెంట్రుక నూగులా సన్నబడుతుంది. అదే గడ్డానికి వచ్చేసరికి పురుష హార్మోను పెరగమనే చెబుతుంది. ఒకే మాట, వినే చెవిని బట్టి ఫలితం.

దీనికి రుజువైన మందులు ప్రధానంగా రెండు. మొదటిది మినాక్సిడిల్. ఇది మొదట రక్తపోటు మాత్ర. మింగిన రోగులకు ముఖం మీద, చేతుల మీద జుట్టు పెరగడం చూసి దీన్ని తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఇది కుదురు దగ్గర వి.ఇ.జి.ఎఫ్. వంటి కబుర్లను పెంచుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇది చిన్న పదార్థం కాబట్టి చర్మం గోడ దాటగలదు. మొదటి వారాల్లో కొంత జుట్టు రాలుతుంది, భయపడనక్కరలేదు. ఫలితం తెలియడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు కొద్ది నెలల్లో పోతుంది. అందరికీ పనిచేయదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. సీసా పిల్లలకు అందకుండా ఉంచాలి.

రెండవది ఫినాస్టరైడ్ మాత్ర. డి.హెచ్.టి. తయారీని తగ్గిస్తుంది. 1997లో బట్టతలకు అనుమతి పొందింది. కొందరు మగవారిలో లైంగిక సమస్యలు, మనసు కుంగడం వంటివి రావచ్చు. గర్భిణులు నలిగిన మాత్రను తాకడం కూడా మంచిది కాదు. కడుపులోని మగ శిశువుకు హాని కలగవచ్చు. డాక్టరు రాయకుండా దీన్ని వాడకూడదు.

నెత్తురు సూదుల మాట

పట్నంలో పి.ఆర్.పి. అని చేసేది ఇది. మన నెత్తురు కొంత తీసి, యంత్రంలో గిరగిర తిప్పి, పళ్లికలు అనే కణాలు చిక్కగా ఉన్న భాగాన్ని వేరు చేసి తలలోకి సూదులతో ఎక్కిస్తారు. దెబ్బ తగిలినప్పుడు నెత్తురు గడ్డ కట్టించేవి ఈ పళ్లికలే. వాటి సంచుల్లో అనేక వృద్ధి కారకాలు ఉంటాయి. పెరగమనేవి, ఆగమనేవి రెండూ ఉంటాయి. కొన్ని పరిశోధనల్లో జుట్టు కొంత ఒత్తయింది. కొన్నింటిలో పెద్దగా తేడా కనబడలేదు. ఒక్కొక్క చోట ఒక్కొక్క పద్ధతి. ఒకసారితో అయ్యే పని కాదు, నెలనెలా వెళ్లాలి, తర్వాత కూడా కొనసాగించాలి. కుదురు ఇంకా బతికి ఉన్నచోటే కొంత ఆశ. నున్నగా మెరిసే నెత్తిమీద చేయించుకుంటే డబ్బు దండగ. అప్పు చేసి చేయించుకోవలసిన వైద్యం కాదిది.

జ్వరం తర్వాత, కాన్పు తర్వాత

మన ఊళ్లలో ఆడవారికి ఉన్నట్టుండి జుట్టు ఊడటానికి సాధారణ కారణం వేరు. టైఫాయిడ్, డెంగీ వంటి పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా, ఆపరేషన్ జరిగినా ఒళ్లు ఆ కష్టానికే శక్తి మళ్లిస్తుంది. చాలా కుదుళ్లు ఒక్కసారే బీడులోకి పోతాయి. బీడు కాలం సుమారు 3 నెలలు కదా. అందుకే జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు కుచ్చులుగా రాలుతుంది. 2020, 2021లలో కరోనా వచ్చి తగ్గినవారిలో చాలామందికి జరిగింది ఇదే. కుదురు చావలేదు. సాధారణంగా ఆరు నెలల్లో రాలడం తగ్గి, జుట్టు తిరిగి వస్తుంది.

చాలామంది సరిగ్గా ఈ సమయంలోనే నూనె కొంటారు. తనంతట తాను వచ్చిన జుట్టుకు నూనెవాడు పేరు కొట్టేస్తాడు.

తిరిగి రాకపోతే మాత్రం రక్తహీనత చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇనుము తక్కువైతే కుదురుకు ఎన్ని కబుర్లు వచ్చినా పనిచేసే బలం ఉండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెత్తురు పరీక్ష చేస్తారు. ఇనుము మాత్రలు అక్కడే ఇస్తారు. థైరాయిడ్ లోపం వల్ల కూడా జుట్టు ఊడుతుంది. అది మందుతో అదుపులోకి వస్తుంది. పప్పు, గుడ్డు, చేప, మునగాకు తినే ఇంట్లో మాంసకృత్తులకు, ఇనుముకు కొంత భరోసా ఉంటుంది.

పేనుకొరుకుడు పేను పని కాదు

రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడిపోతే పేనుకొరుకుడు అంటాం. ఏదో పురుగు కొరికిందని నమ్ముతాం. నిజానికి కొరికేది పురుగు కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ కణాలే పొరబడి కుదురు మీద పడతాయి. ఇది కూడా కబుర్లు దారి తప్పడమే. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలోపు వాటంతట అవే పూడుతాయి. లేకపోతే చర్మ వైద్యులు మచ్చలోనే సూది మందు వేస్తారు. తలంతా ఊడిపోయేంత తీవ్రమైన జబ్బుకు, ఆ తప్పుడు కబురును కణం లోపల అడ్డుకునే బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది వైద్యుల పర్యవేక్షణలోనే వాడవలసిన మందు.

పేనుకొరుకుడుకు గురివింద గింజ నూరి రాసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఇది మానాలి. గురివింద గింజలో గట్టి విషం ఉంది. నూరిన గింజ పిల్లల నోట్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లల తలలో పొట్టు రాలుతూ, వెంట్రుకలు విరిగి మచ్చ కనిపిస్తే అది తామర కావచ్చు. ఒకరి దువ్వెన, తువ్వాలు మరొకరు వాడితే అంటుకుంటుంది. దీనికి నూనెలు, పసర్లు పనిచేయవు. కొన్ని వారాలపాటు మాత్రలు మింగాలి. ఆలస్యం చేస్తే చీము పట్టి, మచ్చ పడి, కుదురు శాశ్వతంగా పోవచ్చు.

కొనేముందు అడగండి

ఎవరు ఏ సీసా చూపినా, ఏ సూది చెప్పినా ముందు మనల్ని మనం కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఊడటం ఎప్పుడు మొదలైంది? దానికి రెండు మూడు నెలల ముందు జ్వరం గాని, కాన్పు గాని అయిందా? తలంతా ఊడుతోందా, ఒక్కచోటేనా? ఇంట్లో పెద్దలకు బట్టతల ఉందా? చర్మం మీద పొట్టు, చీము, నొప్పి ఉన్నాయా? ఈ జవాబులు తీసుకుని జిల్లా ఆసుపత్రి చర్మ వ్యాధుల విభాగానికి వెళితే సగం పని అయినట్టే. ఏ కబురు తప్పిందో తెలిస్తేనే ఏ మందు పనికొస్తుందో తెలుస్తుంది.

కారణం తెలియకుండా మందు కొనడం, ఏ తెగులో చూడకుండా పైరుకు పురుగు మందు కొట్టడం వంటిది. పైరు బాగుపడదు, అప్పు మాత్రం మిగులుతుంది.